అంగిలి మీద ఎరుపు

కట్టుడు పళ్ళు పెట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో మనకు తెలియదు. ఎవరూ చెప్పుకోరు కనుక. నేనూ చెప్పుకోలేదు. పెట్టుకున్నానని బయటివాళ్లకు చెప్పలేదు, లోపల మండుతోందని ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. జబ్బు తిన్నది కొంతే. మిగతాది నా మౌనమే తినేసింది. ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను. ఎవరైనా నాలాగే తలుపు గడియ వేసుకుని అద్దంలో నోరు చూసుకుంటుంటే, వాళ్ల కంట పడాలని ఇది రాస్తున్నాను.

నా పేరు సైదులు. బడిపంతుల్ని. మాది మధిర దగ్గరి పల్లెలో దూదేకుల కుటుంబం. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నా ఉద్యోగం మాత్రం జిల్లాకు ఈ చివర, పర్ణశాల దాటి అడవిలోకి వెళ్లాక వచ్చే ఒక కోయగూడెంలో. దుమ్ముగూడెంలో కిరాయి ఇల్లు, అక్కడి నుంచి బడికి మోపెడ్ మీద ప్రయాణం. నా భార్య మీరాబీ, నేను ఉంటాం. ఒక్కతే కూతురు నజీమా, ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది.

గూడెం పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. ఒకటో తరగతిలో తెలుగు అక్షరం వాళ్ల చెవికన్నా ముందు కంటికి అందుతుంది. నా నోటివంక కన్నార్పకుండా చూసి, నా పెదాలు ఎలా కదిలితే అలా కదిపి, నాలుక ఎక్కడ తగిలితే అక్కడ తగిలించి నేర్చుకుంటారు. అందుకని నా నోరు నా ఒక్కడిదే కాదు.

2003, వేసవి

యాభై నిండకముందే చిగుళ్ల జబ్బుతో నా పైపళ్ళు ఒకటొకటిగా కదిలి ఊడిపోయాయి. చివరి రెండూ పోయాక "సున్న" అంటే గాలి వచ్చేది. పిల్లలు ఆ గాలినే ఎంతో నమ్మకంగా తిరిగి పలికేవారు.

భద్రాచలం బస్టాండు వెనక సందులో ఒకాయన పళ్ళసెట్లు కట్టేవాడు. చదువుకున్న డాక్టరు కాడని తెలుసు. తెలిసీ వెళ్లాను. దగ్గర, త్వరగా అవుతుంది, ఎవరూ చూడరు. వారంలో పైసెట్టు చేతిలో పెట్టాడు. బిగించి, అద్దం చూపించి, ఒక మాట చెప్పాడు.

"సార్, ఇది తీయొద్దు. తీస్తే చిగురు కుంచించుకపోతది, మళ్ల సెట్టు పట్టది. రాత్రిపగలు నోట్లనే ఉండనియ్యుండ్రి. గట్లుంటేనే సొంత పళ్ళయితయి."

ఆ మాట నాకు తేనెలా వినిపించింది. ఎందుకంటే నాక్కావలసింది కూడా అదే. పళ్ళు ఊడిన సంగతి మీరాబీకి తెలుసు కానీ, ఊడిన నోరు ఆమె కంట పడకూడదని నా పట్టుదల. పొద్దున్నే స్నానాల గదిలో గడియ వేసుకుని, సెట్టు తీసి, నాలుగు నీళ్లు చల్లి, మళ్లీ పెట్టేసుకునేవాణ్ణి. ఒక నిమిషం పట్టేది. మూడేళ్లలో నా నోరు ఖాళీగా ఉన్న సమయమంతా కూడినా ఒక రోజు కాదేమో.

2006, జూన్

బడులు తెరిచిన వారమే. మధ్యాహ్నం పచ్చిపులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అంగిలంతా భగ్గుమంది. పొద్దున టీ వేడిగా తాగి కాల్చుకున్నాననుకున్నాను. మర్నాడూ అంతే. నాలుగు రోజులకు మంటతో పాటు ఒక రుచి పట్టుకుంది. ఇనుప గొళ్లెం నాకినట్టుండేది. మంచినీళ్లు తాగినా అదే.

మంట మొదలయ్యాక పొద్దున తీసి కడగడం కూడా మానేశాను. ఒక ఆదివారం మీరాబీ నీళ్లకు వెళ్లినప్పుడు సెట్టు తీయబోయాను. రాలేదు. అతుక్కుపోయినట్టుంది. బొటనవేలు గుచ్చి లాగితే చర్మంతో సహా వస్తోందేమోననిపించింది. గడ్డం గీసుకునే అద్దం వెనక్కు వంచి, టార్చి వేసి చూసుకున్నాను.

అంగిలి ఎర్రగా ఉంది. అంతా కాదు. సెట్టు ఎంత మేర కప్పిందో అంత మేర మాత్రమే, గీత గీసి రంగు పూసినట్టు. గీతకు ఇవతల మామూలు గులాబీ రంగు. అవతల పచ్చి మాంసం.

అద్దం దించి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఆ ఎరుపు నేను ఇదివరకు చూసిందే.

మా అమ్మ చుట్ట కాల్చేది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆమె అంగిలిలో ఒక ఎర్రటి మచ్చ వచ్చింది. వేడి చేసిందన్నారు అందరూ. సబ్జా గింజలు నానబెట్టి తాగించారు. నాలుగో నెలకు ఆమె తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. అమ్మ సిగ్గుపడి గోడవైపు తిరిగి తాగేది. ఆ తర్వాత నీళ్లు తాగడమే మానేసింది. ఆమె వీపు తప్ప ముఖం గుర్తులేని కొన్ని వారాలు నా జ్ఞాపకంలో ఇప్పటికీ ఉన్నాయి.

బయట బిందె దించిన చప్పుడైంది. సెట్టు మళ్లీ అంగిలికి నొక్కేసుకున్నాను.

జూలై

మా వీధిలో సూదులు వేసే ఆర్‌ఎంపీ ఉన్నాడు. నోరు తెరిచి చూపించకుండా, "నోట్లో పూత" అని మాత్రం చెప్పాను. ఆయనా చూడాలనుకోలేదు.

"వేడి సార్. మజ్జిగ బాగ తాగుండ్రి. నేను సూది ఏస్త, గోలీలిస్త. జల్దీ తగ్గుతది."

సూది వేసిన రెండు రోజులు హాయిగా ఉండేది. మూడో రోజు మంట రెండింతలై వచ్చేది. మళ్లీ వెళ్లేవాణ్ణి, మళ్లీ సూది. అలా ఎన్నిసార్లో. తర్వాత ఖమ్మంలో డాక్టరమ్మ చెప్పింది, ఆ సూదులూ గోలీలూ నాలోపలి నిప్పుకు గాలి విసిరాయని. అప్పుడు నాకేం తెలుసు? ఎర్రటి చోట అక్కడక్కడ తెల్లగా, పెరుగు మీగడ అంటినట్టు పొర కట్టింది. గోరుతో తీస్తే కింద రక్తం చెమ్మ. పెదాల రెండు మూలలూ చీలాయి. ఆవలిస్తే నెత్తురు. బరువు తగ్గాను. చొక్కా మెడ దగ్గర వేలు పట్టేంత సందు. ఊరికే దాహం. తెల్లారేలోపు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది.

వీటిలో దేనినీ నేను విడిగా చూడలేదు. ప్రతిదీ అమ్మ జబ్బులో ఒక మెట్టుగానే లెక్కపెట్టుకున్నాను. నీళ్లు తాగినప్పుడల్లా ముక్కు తడుముకునేవాణ్ణి.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మీరాబీ చేసే పులుసుకు మా బంధువుల్లో పేరు. ఆ పులుసు నేను పక్కకు జరిపేవాణ్ణి. పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచేవాణ్ణి. ఆమె పళ్లెం వంక చూసేది, నా వంక చూసేది, ఆకూ వక్కా పెట్టె ముందేసుకుని, ఆకు చుట్టి నోట్లో పెట్టుకుని నమిలేది.

ఒక రోజు అననే అంది. "నా వంట నోటికెక్కట్లేదా, నా ముఖం ఎక్కట్లేదా? ఏదో ఒకటి చెప్పండి."

"ఆకలి లేదు."

"నెల్నించి లేదా? బడిలో తింటున్నారా ఏంది?"

"అవ్, తింటున్నా" అన్నాను. అబద్ధం. ఆమె నమ్మింది. నమ్మినందుకు ఆమెకు మరీ కోపం వచ్చింది. తన చేతి వంట వద్దని, బడిలో వండింది తింటున్నానని. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకదే నయమనిపించింది. మాట్లాడితే నోటి వాసన తెలిసిపోతుందని భయం.

బడిలో అక్షరాలు చెప్పడం కష్టమైపోయింది. నాలుక అంగిలికి తగిలే ప్రతి అక్షరమూ సూది. ట, డ, ణ. బల్ల మీద కూర్చుని, బెత్తంతో నల్లబల్ల మీది అక్షరం చూపించి, ఐదో తరగతి అమ్మాయితో పలికించేవాణ్ణి. ఇరవై ఏళ్ల పంతులుగిరిలో అంత తలవంపు ఎన్నడూ లేదు.

మధ్యాహ్న భోజనం వండే జోగమ్మ అదే గూడెం మనిషి. అరవై దగ్గర పడిన వితంతువు, తక్కువ మాటల మనిషి. ఒక మధ్యాహ్నం నా పళ్లెంలోది వేప చెట్టు కింద పారబోసి వస్తుంటే దారికి అడ్డంగా నిలబడింది.

"సారూ, రోజూ పారబోస్తున్నవ్. నోట్ల పుండయిందా?"

"ఏం లేదు జోగమ్మా."

"మా ఆయన గిట్లనే 'ఏం లేదు, ఏం లేదు' అనుకుంట పోయిండు" అంది. అని, పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

మర్నాడు నా పళ్లెంలో అన్నం లేదు. చల్లార్చిన జొన్న జావ, చెంబు నిండా. "కారం లేదు, ఉప్పు లేదు. తాగు" అంది. తాగాను. నెలన్నర తర్వాత మంట లేకుండా కడుపు నిండింది. తలెత్తలేక చెంబు అంచువంకే చూస్తూ కూర్చున్నాను. అప్పట్నుంచి రోజూ ఆ చెంబు నా బల్ల మీద ఉండేది.

ఆగస్టు, సంత రోజు

దుమ్ముగూడెం సంతకు జోగమ్మ వస్తుంది. ఆ రోజు మీరాబీ కూరగాయలకు వెళ్లింది. సంచి ఖాళీగానే తిరిగొచ్చింది. నేను వసారాలో పేపరు చూస్తున్నాను. చెప్పులు విప్పకుండానే నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"జోగమ్మ కనబడింది" అంది. "మా సార్ జావ తాగి బతుకుతుండు, నీకు ఎరుకేనా అని అడిగింది. నాకు ఎరుక లేదు. ఊళ్లో మనిషికి తెలుసు, నాకు తెలియదు."

నేను పేపరు మడిచాను.

"నోరు తెరువు."

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె నన్ను ఎన్నడూ నువ్వు అనలేదు.

"మీరా, వద్దు."

"తెరుస్తవా, ఈ పళ్ళు నేనే పీకాల్నా?"

లోపలికి వెళ్లి తలుపు దగ్గరకు వేశాం. నేను గోడవైపు తిరిగాను. అమ్మ అలా తిరగడం గుర్తొచ్చి, మళ్లీ ఇటు తిరిగాను. సెట్టు లాగాను. చప్పుడు చేసి ఊడింది. దాంతో పాటు వాసన. ఆమె ముక్కు మూసుకోలేదు. గడ్డం పట్టుకుని నా తల వెనక్కు వంచి, కిటికీ వెలుగులో చూసింది. చాలాసేపు చూసింది. ఆమె చేతివేళ్లకు కాచు ఎరుపు అంటి ఉండటం నాకు కనబడుతోంది.

"ఎన్నాళ్లయింది?"

చెప్పాను. అమ్మ సంగతి కూడా చెప్పాను. ఆమెకు అత్తగారు నోటి పుండుతో పోయిందని తెలుసు కానీ, నీళ్లు ముక్కులోంచి రావడం ఆమెకు నేనెన్నడూ చెప్పలేదు. వింటూ వింటూ ఆమె నా చేతిలోంచి సెట్టు తీసుకుని, చీర కొంగులో చుట్టి, మొలలో దోపుకుంది. నేను మళ్లీ పెట్టుకుంటానని.

"రేపు ఖమ్మం" అంది. "సెలవు దొరకకపోతే ఉద్యోగమే వదిలెయ్యండి."

మళ్లీ మీరు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఖమ్మం

పెద్ద దవాఖానాలో పళ్ళ విభాగం ముందు పొడుగాటి బెంచీ. నా నోట్లో సెట్టు లేదు. పెదాలు లోపలికి పడిపోయి, ముసలి ముఖం. తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నజీమా హాస్టల్ నుంచి నేరుగా వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం పోల్చుకోలేదు. ఆ ఒక్క క్షణం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని నా మోచేతిని పట్టుకుంది, చిన్నప్పుడు జాతరలో పట్టుకున్నట్టు.

నా అటుపక్క జూలూరుపాడు వైపు నుంచి వచ్చిన రైతు. దవడకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. గుడ్డ తడిసి ఉంది. మాట రాదు. నా తువ్వాలు చూసి, తన జేబులోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసి రాసి చూపించాడు: "మీకు ఎన్ని నెలలు?"

రెండు వేళ్లు చూపించాను. ఆయన తలూపి కింద రాశాడు: "నేను పది నెలలు ఆగిన."

ఆ పుస్తకం ఆయన మూసేశాక కూడా ఆ మాట నా ముందే ఉంది. మీరాబీ ఆకు చుట్టి, జర్దా వేసి, బుగ్గన పెట్టుకుంది. ఆమెకు గాభరా వస్తే చేతులు వాటంతటవే ఆ పెట్టె తెరుస్తాయి.

లోపల ఉన్న డాక్టరమ్మ చిన్నది. మా నజీమాకన్నా ఐదారేళ్లు పెద్దదేమో. దీపం కింద నా నోరు చూస్తూ అడిగింది.

"సెట్టు ఎప్పుడు తీస్తరు సార్?"

"కడగడానికి తప్ప తీయనమ్మా."

"రాత్రి?"

"రాత్రి కూడా."

"ఎన్నేండ్ల నుంచి?"

"మూడు."

ఆమె రాస్తున్న పెన్ను ఆగింది. "చెప్పులు మూడేండ్లు విప్పకుండ తిరిగితే కాలేమైతది సార్? ఇదీ గంతే. లోపల బూజు పట్టింది. దీనికి మందుంది, తగ్గుతది."

మీరాబీ గట్టిగా ఊపిరి వదిలింది. నేను వదల్లేదు. డాక్టరమ్మ ఇంకా దీపం ఆర్పలేదు.

చిన్న అద్దం లోపలికి పోనిచ్చి, అంగిలి వెనక భాగంలో ఒకే చోట మళ్లీ మళ్లీ చూసింది. ఇంకొక పెద్ద డాక్టరును పిలిచింది. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె నా వంక చూసి నెమ్మదిగా చెప్పింది. "మీ అమ్మగారి సంగతి చెప్పిండ్రు గద. వెనకాల ఈ ఒక్క చోట నాకు మంచిగనిపిస్తలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుత. పది రోజులైతది."

రక్తం కూడా తీసుకున్నారు. సాయంత్రానికి ఒక సంగతి తేలింది. షుగరు, అదీ బాగా ముదిరి ఉంది. దాహం, బరువు తగ్గడం, లేవడం, అన్నీ దానివే. నోట్లో బూజు అంతగా పెచ్చరిల్లడానికీ అదొక కారణమట. ఇంకో జబ్బు ఉందన్న మాట విని సంతోషించినవాడు ఆ దవాఖానాలో ఆ రోజు నేనొక్కణ్ణే అయి ఉంటాను.

గోదావరి

చుక్కల మందు, షుగరు గోలీలు, సెట్టు పెట్టుకోకూడదన్న ఆజ్ఞ, ఇవి పట్టుకుని ఇంటికి వచ్చాం. మూడో రోజు నుంచి వాన. ఎడతెరిపి లేదు. పైనుంచి నీళ్లు వస్తున్నాయన్నారు. పర్ణశాల దారి మునిగింది. భద్రాచలం బస్సులు ఆగిపోయాయి. పల్లపు వీధులవాళ్లు హైస్కూలు గదుల్లోకి వచ్చేశారు. కరెంటు లేదు, ఫోను మూగబోయింది.

గోదావరి ఎరుపు అప్పుడు చూడాలి. చెట్లకు చెట్లు కొట్టుకొస్తున్నాయి. జనం గట్టు మీద నిలబడి నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో చూసుకుంటున్నారు. నేను కూడా వెళ్లి నిలబడేవాణ్ణి. నా పది రోజులు అవతలి ఒడ్డున ఉన్నాయి. పదో రోజు వచ్చింది, పోయింది. కాగితం ఖమ్మంలో తయారై ఉంటుంది. అందులో ఏముందో ఎవరో ఒక గుమాస్తాకు తెలుసు, నాకు తెలియదు.

చుక్కల మందుతో మంట తగ్గుతోంది. రోజూ కొంచెం. మీరాబీ మెత్తగా ఉడికించిన పప్పన్నం, ఉప్పు కూడా లెక్కగా వేసి పెట్టేది. నాకు మాత్రం తగ్గుతున్న కొద్దీ భయం పెరిగింది. ఎరుపంతా వెనక్కు పోతుంటే వెనకాల ఆ ఒక్క చోటు మిగిలిపోయి మరింత స్పష్టంగా కనబడేది. తెల్లటి అంచు. వేలితో తడిమితే నొప్పి లేదు. అమ్మ కూడా అనేది, నొప్పి లేదురా అని.

పదమూడో రోజు పొద్దున పక్కింటివాళ్ల ఫోను మోగింది. ఖమ్మం నుంచి నజీమా.

"నాన్నా, కాగితం తీసుకున్నాను. ఇంగ్లీషులో ఉంది."

"చదువు."

"చేతిరాత. అర్థం కావట్లేదు."

"ఒక్క మాట చూడు తల్లీ. క్యాన్సర్ అని ఉందా?"

కాగితం గలగల వినిపించింది. నా పక్కన మీరాబీ ఫోను వైరు పట్టుకుని నిలబడింది, దాన్ని వదిలితే మాట తెగిపోతుందన్నట్టు.

"ఆ మాట లేదు. కానీ కింద ఒక పెద్ద మాట ఉంది నాన్నా. ఎం, ఏ, ఎల్, ఐ, జీ..."

ఆమె అక్షరం అక్షరం చెబుతోంది. పిల్లలకు అక్షరాలు చెప్పడం నా పని. ఆ రోజు నా కూతురు చెబితే నేను విన్నాను. ఆ మాట నాకు తెలుసు. మాలిగ్నెన్సీ, క్యాన్సర్‌కే ఇంకో పేరు. ఏదో వైద్య పుస్తకంలో రెండు నెలల క్రితం దొంగచాటుగా వెతికి చదివిన మాటే.

"దాని ముందు ఏముంది?" అని అడిగాను.

"ముందు... 'నో ఎవిడెన్స్ ఆఫ్' అని ఉంది."

"మళ్లీ చదువు."

"నో. ఎన్, ఓ. నో ఎవిడెన్స్ ఆఫ్."

మీరాబీకి ఏమీ అర్థం కాలేదు. నా ముఖం చూస్తోంది. "లేదంట" అన్నాను. ఆమె పక్కింటివాళ్ల గడప మీదే కూలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

సెప్టెంబరు

దారులు తేలాక బడికి వెళ్లాను. సెట్టు లేకుండా. ఇంకా రెండు నెలలు పెట్టుకోకూడదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. గూడెం పొలిమేరలో మోపెడ్ ఆపి కాసేపు నిలబడ్డాను. వెనక్కు పోదామనిపించింది.

తరగతిలో తువ్వాలు తీసేశాను. ముందు వరుసలోని ఒక పాప లేచి దగ్గరకు వచ్చి, నా నోట్లోకి తొంగి చూసి, వెనక్కు తిరిగి మిగతావాళ్లకు కోయలో ఏదో గట్టిగా చెప్పింది. గదంతా నవ్వు. తలుపు దగ్గర ఉన్న జోగమ్మ కూడా నవ్వింది.

"ఏమంది?" అని అడిగాను.

"సార్‌కు కూడ పాల పళ్ళూడినయి, మనకొచ్చినట్టే మళ్ల వస్తయి అంటంది" అంది జోగమ్మ.

చూస్తే ఆ వరుసలో సగంమందికి ముందు పళ్ళు లేవు. ఆరేళ్ల వయసు కదా. ఆ రోజు మేమంతా కలిసి గాలి సున్నే చదివాం. ఎవరికీ ఏ నష్టమూ కాలేదు.

భద్రాచలం సందులోకి ఒకసారి వెళ్లాను, పళ్ళు కట్టినాయన్ను నిలదీద్దామని. గదిలో సెల్‌ఫోను కార్డులు అమ్ముతున్నారు. ఆయన ఖాళీ చేసి ఆరు నెలలైందట, ఎక్కడికి పోయాడో తెలియదన్నారు. ఎక్కడో ఏదో బస్టాండు వెనక ఆయన ఇప్పుడూ ఎవరి చేతిలోనో అద్దం పెట్టి అదే మాట చెబుతుంటాడు. అది తలచుకుంటే నాకు కోపంకన్నా చలి పుడుతుంది.

అందుకే రాస్తున్నాను. రాత్రి తీయండి. తోమి నీళ్లలో వేయండి. మీ ఆలుమగల మధ్య సిగ్గు ఎంతటిదైనా సరే, ఆ నీళ్ల గిన్నె అందరికీ కనబడేచోటే పెట్టండి. మంట పుడితే సూదుల దగ్గరకు పోకండి, నోరు తెరిపించి చూసేవాళ్ల దగ్గరకు పొండి.

2007, ఫిబ్రవరి

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ జరిగింది ఇక్కడితో ఆగలేదు.

కొత్త సెట్టు కుదిరాక, వెనకాల చోటును చూపించుకోవడానికి ఖమ్మం వెళ్లాం. డాక్టరమ్మ చూసి, అలాగే ఉంది, పెరగలేదు, ఆరు నెలలకోసారి వస్తూ ఉండండి అంది. నేను లేచాను. మీరాబీ ఎప్పటిలాగే నా వెనక నిలబడి ఉంది. ఆమె ఆ అమ్మాయికి దండం పెట్టి ఏదో చెప్పబోయింది. నోట్లో ఆకు ఉండటంతో బుగ్గ పక్కకు జరిపి మాట్లాడింది.

డాక్టరమ్మ నవ్వుతూనే అడిగింది. "జర్దా ఏస్తరా అమ్మా? ఎన్నేండ్ల నుంచి?"

"పెళ్లికాకముందు నుంచే. మా అమ్మ దగ్గర అలవాటు."

"ఒకపారి కూర్చోండి."

"నాకెందుకమ్మా? నాకేం లేదు."

ఏం లేదు. జోగమ్మతో నేనన్న మాటే అది.

పుక్కిలించి వచ్చి కూర్చుంది. దీపం వెలిగింది. ఎడమ బుగ్గ లోపల అద్దం ఆగింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. పెద్ద డాక్టరును పిలిచింది. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

ఆరు నెలలుగా మా ఇంట్లో వెలుగంతా నా నోట్లోకే పడింది. ఆమె తల వంచి నా అంగిలి చూసింది, మందు వేసింది, ఉప్పు కొలిచింది. చూస్తున్నంతసేపూ ఆమె బుగ్గలో ఆ ఆకు ఉంది. ఆ నోరు తెరువు అని అడగాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.

తెల్లటి మచ్చ, వేలి గోరంత. ముక్క తీసి పంపారు. ఈసారి గోదావరి అడ్డం రాలేదు, పది రోజులకే కాగితం వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ అటు పోయే దారిలోనే ఉందని, ఇంకో ఏడాది ఇలాగే ఉంటే చెప్పలేమని పెద్ద డాక్టరు మాకు తెలుగులోనే విడమర్చి చెప్పాడు. మచ్చను కోసి తీసేశారు. మీరాబీ మూడు రోజులు దవాఖానాలో ఉంది. నేను మంచం పక్కన కూర్చుని జావ చల్లార్చి తాగించాను.

ఆకుల పెట్టె ఆమె తనంతట తానే ఎవరికో ఇచ్చేసింది. మొదటి నెల చేతులు వణికేవి, చిన్న మాటకే కసురుకునేది. లవంగం బుగ్గన పెట్టుకుని కూర్చునేది. ఇప్పుడు అదీ తగ్గింది. మచ్చ తిరిగి రాలేదు. నా చోటు అలాగే ఉంది. తిరిగి రాదని గానీ, అలాగే ఉంటుందని గానీ ఎవరూ మాకు మాట ఇవ్వలేదు.

డాక్టరమ్మ ఇప్పుడు ఇద్దరికీ ఒకే రోజు రమ్మని రాస్తుంది. దుమ్ముగూడెంలో మొదటి బస్సు ఎక్కుతాం. దారిలో పెద్దగా మాట్లాడుకోం. ఆ పొడుగాటి బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటాం. పేరు పిలిచే వేళకు మాత్రం ప్రతిసారీ చిన్న తగువు అవుతుంది. నేను ముందంటే నేను ముందని. చూసేవాళ్లకు మేము తొందరపడుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు లోపలికి ఒక్కరినే రానిస్తారు, రెండోవాళ్లు బయట కూర్చోవాలి. మాకు ఇద్దరికీ లోపలికి వెళ్లడమే తేలిక.